కప్పుల గోడకు ఇంకో మేకు

ఆ కొట్లో ఆమె ఉద్యోగమల్లా ఒక్క మాట చెప్పడం. "లేదు."

పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా జనం రావడం, కౌంటరు మీద మోచేతులు ఆనించడం, "బుల్లిపెట్టె వచ్చిందా?" అని అడగడం, ఆమె లేదనడం. గోడ మీద, సరిగ్గా వాళ్ళ కళ్ళెదురుగా, "స్టాక్ లేదు" అని ఇంతేసి అక్షరాలతో రాసిన బోర్డు మేకుకు వేలాడుతూనే ఉంటుంది. చదువుతారా? చదవరు. చదివినవాళ్ళు కూడా గొంతు తగ్గించి, "బోర్డు సరేలెండి, లోపల ఒక్కటైనా ఉండదా?" అంటారు. ఎవరో ఆకతాయి ఒకరోజు, "లేదమ్మగారూ, ఇవాళ కూడా లేదేనా?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అంతే, ఆ పేరు జిగురులా అంటుకుపోయింది. ఆఖరికి సొంత అక్క కూడా ఫోన్ చేసి, "ఒసే లేదమ్మా, వచ్చేటప్పుడు ఉల్లిపాయలు పట్రా" అంది. ఇంక ఎవరితో చెప్పుకోవాలి?

బుల్లిపెట్టె అంటే అరచేతుల్లో ఇమిడిపోయే గేమ్ కన్సోలు. దానికి అసలు పేరు వేరే ఉంది, అట్టపెట్టె మీద మెరిసే అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ పేరుతో అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు. అది తయారయ్యేది సముద్రాల అవతల కాదు. ఇదే ఊళ్ళో, బస్సు ఎక్కి చివరి స్టాపులో దిగితే కనిపించే ఫ్యాక్టరీలో. పిల్లలూ పెద్దలూ దాని కోసం వెర్రెత్తిపోతున్నారు. కొట్టుకు వచ్చే సరుకేమో, విప్పిన అట్టపెట్టె మడిచేలోపే అయిపోతోంది.

ఇందులో అసలు విడ్డూరం ఏమిటంటే, లేదని చెప్పే ఆ మనిషికి ఆ పెట్టె తయారు చెయ్యడం వచ్చు. లేదమ్మ కొన్నేళ్ళపాటు ఒక పెద్ద ఫోన్ల ఫ్యాక్టరీలో బల్ల దగ్గర కూర్చుని బొత్తాల కింద స్ప్రింగులు అమర్చింది. బుల్లిపెట్టె బొత్తాల కిందా అలాంటివే. సీజను మనిషిగా తీసుకున్నారు. పర్మనెంటు సంగతి సీజను అయ్యాక చూద్దామన్నారు, చూద్దాం చూద్దాం అంటూనే లాక్కొచ్చారు. చివరికి ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తుంటే గేటు దగ్గర ఎవరో కొత్త మనుషులు కత్తెరలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్ళను వచ్చినట్టు ఆపి, మెళ్ళో ఐడీ కార్డు తాడు కత్తిరించి, కార్డు డబ్బాలో పడేసి, "ఊఁ, నడవండి" అన్నారు. సూపర్‌వైజరు లేడు. మేనేజరు లేడు. రోజూ పేరు పెట్టి పిలిచి పని చేయించుకున్నవాళ్ళలో ఒక్కరైనా వచ్చి ముఖం చూపించలేదు. ఉద్యోగం పోయినందుకు ఏడ్చింది, ఊరుకుంది. ముఖం చూపించనందుకు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అప్పట్నుంచి అక్క ఇంట్లోనే ఉంటోంది. అక్క మంచిది. బావ ఇంకా మంచివాడు, ఊరికే తిని కూర్చుందన్న మాట రాకూడదని తన ఆటబొమ్మల కొట్లో పని కల్పించాడు. అయితే మాత్రం? హాల్లో సోఫా వెనక పరుపు వేసుకుని పడుకుని, అందరికంటే ముందు లేచి ఎవరి కాళ్ళకూ అడ్డం రాకుండా దాన్ని చుట్టేసుకునే బతుకు ఎంతమంది మంచివాళ్ళ మధ్య ఉన్నా గుచ్చుకుంటుంది. ఆమెకు కావలసింది పెద్ద గొంతెమ్మ కోరికేం కాదు. ఒక బల్ల, ఒక స్టూలు, చేతినిండా పని. ఆ జీతంతో అద్దెకు తీసుకుని తలుపు వేసుకోగలిగే ఒక గది. అందుకే బుల్లిపెట్టె ఫ్యాక్టరీకి కాళ్ళరిగేలా తిరిగింది. వెళ్ళిన ప్రతిసారీ గేటు దగ్గరే, "మనుషులు అక్కర్లేదమ్మా" అని తిప్పి పంపేశారు. ఇక్కడేమో జనం పెట్టెల కోసం చొక్కాలు చించుకుంటున్నారు. అక్కడేమో చేసేవాళ్ళు అక్కర్లేదట!

ఆ శనివారం సాయంత్రం కొట్లో ఇదే చర్చ మొదలైంది. రోజూ వచ్చి అడిగిపోయే కళ్ళద్దాలాయన ఒకడున్నాడు, ఆయనే మొదలుపెట్టాడు.

"చెయ్యలేక అనుకుంటున్నారా మీరు? కావాలనే తొక్కిపెడతారు. దొరకదంటేనే కదా మనం ఎగబడేది!"

"అలా అనకండి. చిన్న కంపెనీ కదా, పాపం వాళ్ళ తిప్పలు వాళ్ళకుంటాయి," అంది వెనకాల నిలబడ్డావిడ.

"తిప్పలా పాడా! కడుపు నిండా పెట్టేస్తే రేపు మళ్ళీ ఎవడొస్తాడండీ? అదీ వాళ్ళ తెలివి," అన్నాడు కళ్ళద్దాలాయన. ఇటు తిరిగి, "ఏమ్మా లేదమ్మా, నువ్వు చెప్పు. లేదు లేదనడం తప్ప నీకు మాత్రం ఇంకో పనేముంది!" అని నవ్వాడు.

ఆయన సరదాకే అన్నాడు. కానీ లేదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏవండోయ్, నాకు పని లేదా? నాకు పనొచ్చండీ! మీరు కలవరిస్తున్న ఆ పెట్టె విప్పి, మళ్ళీ బిగించి మీ చేతిలో పెట్టగలను. నాలాంటివాళ్ళు ఈ ఊళ్ళో వీధివీధికీ ఉన్నారు. పనివ్వండని వెళ్తే మనుషులొద్దు పొమ్మన్నారు. ఇంకా అర్థం కాలేదా? చెయ్యలేక కాదు, చెయ్యరు! గోడౌను నిండా పెట్టెలు పేర్చి తాళం వేసుకుని కూర్చున్నారు. నన్నడుగుతారేం? దమ్ముంటే వెళ్ళి వాళ్ళ గేటు దగ్గర అడగండి!"

గోడౌను సంగతి ఆమెకు తెలిస్తే ఒట్టు. ఊపులో నోటికొచ్చింది, అనేసింది. కానీ వెనకాల ఎవరో ఫోను ఎత్తి పట్టుకుని అదంతా వీడియో తీశారు. పొద్దున్నకల్లా ఊరంతా చూసేసింది. ఫ్యాక్టరీ గేటు ముందు ఇసకేస్తే రాలనంత జనం. "తాళం తియ్యండి, తాళం తియ్యండి" అని ఒకటే గోల. సరుకు తీసుకెళ్ళే లారీ బయటికి కదల్లేకపోయింది. మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ నుంచి బావకు ఫోనొచ్చింది. ఇక మీ కొట్టుకు సరుకు ఆపేస్తున్నామని చెప్పి, ఇంకో మాట లేకుండా పెట్టేశారు.

బావ ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా హాలు మధ్యలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, నా కొంప ముంచాలని ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నావమ్మా?"

"పోనిద్దురూ, ఏదో నోరు జారింది," అని అక్క మధ్యలోకి వచ్చింది.

"జారడానికి అది నోరా, జారుడుబల్లా? పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రం దాకా జారుతూనే ఉంటుంది! ఇంతా చేసి ఆ గోడౌను నువ్వు చూశావా?"

"చూడలేదు," అంది లేదమ్మ.

"చూడలేదట! విన్నావా మీ చెల్లెలి మాట?"

లేదమ్మ నీళ్ళు నమల్లేదు. "తప్పు నాది బావా. రేపు నేనే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడతాను. నీ సరుకు నీకు ఇప్పించే వస్తాను," అంది.

"వెళ్ళి ఇంకో నాలుగు అంటించి రావు కదా?" అన్నాడు బావ. అప్పటికి కోపం సగం దిగిపోయింది. ఆయన కోపం ఎప్పుడూ అంతసేపే.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ముసలాయన ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. ఆయన్ని అక్కడ చిన్నా పెద్దా అందరూ గేటు బాబాయ్ అంటారు.

"ఓహో! గోడౌను నిండా పెట్టెలున్నాయని చెప్పిన మహాతల్లివి నువ్వేనా? నిన్నటి తోపులాటలో నా చొక్కాకి ఒక్క గుండీ మిగల్లేదు తల్లీ."

"గుండీలు నేను కుట్టిస్తాను బాబాయ్. మీ ఓనరుగారిని ఒక్కసారి కలవనివ్వు."

గేటు బాబాయ్ లోపలికి ఫోన్ చేశాడు. ఏమి విన్నాడో, ఆశ్చర్యంగా మొహం పెట్టి తలుపు తీశాడు.

ఓనరును అందరూ పెద్దక్క అంటారు. జుట్టంతా తెల్లబడింది, జేబులో స్క్రూడ్రైవరు, ముంజేతి మీద పాత కాలిన మచ్చ. కూర్చోమనలేదు, ఏంటని అడగలేదు. "రా," అని ముందు నడిచింది. తిన్నగా గోడౌనుకు తీసుకెళ్ళింది. తలుపు బార్లా తీసే ఉంది. లోపల ఊడ్చిన నేల, ఒక మూల మధ్యాహ్నం లారీకి ఎక్కించాల్సిన కాసిని అట్టపెట్టెలు. అంతే.

"చూడు. తలుపు వెనక కూడా చూడు. తాళం కావాలంటే అదిగో, ఆ మేకుకు ఉంది, తుప్పు పట్టి," అంది పెద్దక్క.

లేదమ్మకు తల కొట్టేసినట్టయింది. "తప్పైపోయిందండీ. కళ్ళతో చూడకుండా అనేశాను. నా మీద కోపం మా బావ మీద తీర్చుకోకండి. ఆయన నోట్లోంచి ఆ మాట రాలేదు."

"చూశాన్లే, ఆ వీడియో. నీ వెనకాల తల పట్టుకుని నిలబడ్డాయనే కదా మీ బావ? రేపు ఆయన వాటా ఆయనకు వస్తుంది. ఫోన్ చేసినవాళ్ళది తొందరపాటు. ఇక వెళ్ళిరా."

వచ్చిన పని అయిపోయింది. బుద్ధున్న మనిషైతే నమస్కారం పెట్టి బయటపడేది. లేదమ్మ బయటికే నడిచింది కానీ, దారిలో ఒక హాలు తలుపు తెరిచి ఉంది. తొంగి చూసి ఆగిపోయింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా బల్లలు. ప్రతి బల్ల మీదా ఒక దీపం, తలకిందులుగా బోర్లించిన ఒక స్టూలు, వాటి మీద దుమ్ము పడకుండా గుడ్డ.

"ఇవెవరివండీ?"

"ఎవరివీ కావు. బల్లలతో సహా జాగా చవగ్గా వస్తే కొన్నాను, ఎప్పుడైనా పనికొస్తుందని."

"బుల్లిపెట్టెకి భాగాలు దొరకట్లేదా?"

"ఎన్ని కావాలంటే అన్ని. అమ్మేవాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారు."

"మరింకేం?" ఆ మాట ఆమె నోట్లోంచి అరుపులా వచ్చింది.

పెద్దక్క ఆమెను పక్కనున్న క్యాంటీనులోకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ ఒక టీ కప్పు. పింగాణీవి, స్టీలువి, గాజువి, బొమ్మలున్నవి, చెవి విరిగితే తీగ చుట్టి బాగుచేసుకున్నవి. ఒకదానికొకటి పోలిక లేదు.

"ఇక్కడ ఎవరు చేరినా మొదటి రోజు వాళ్ళ మేకు నేనే కొడతాను. ఎవరి కప్పు వాళ్ళు ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుని తగిలించుకుంటారు. మానేస్తామని వాళ్ళంతట వాళ్ళు అంటేనే ఆ కప్పు దిగుతుంది. నేను దింపించిన కప్పు ఇంతవరకూ ఒక్కటి లేదు," అంది పెద్దక్క.

లేదమ్మ తీగ చుట్టిన కప్పు చెవిని వేలితో తడిమింది.

"నేను బొమ్మల ఫ్యాక్టరీలో చేసేదాన్ని. సెలవులకు ముందు ఊరందర్నీ పిలిచి పనిలో పెట్టుకునేవాళ్ళు, సెలవులు అయిపోగానే ఊరందర్నీ బయటికి తోసేవాళ్ళు. ఒకసారి మా అమ్మా నేనూ ఒకే రోజు, ఒకే గేటులోంచి బయటికొచ్చాం. దారి పొడుగునా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను." పెద్దక్క ఒక వంకర కప్పును సరిచేసింది. "ఈ ఏడాది బుల్లిపెట్టె అంటున్నారు. వచ్చే ఏడాది ఇంకోటి అంటారు. జనం మోజు అది. దాన్ని నమ్ముకుని ఆ హాలు నిండా మనుషుల్ని కూర్చోబెట్టి, మోజు తీరిపోయాక ఏ ముఖం పెట్టుకుని పొమ్మనను? ఎక్కువ చెయ్యాల్సిందని తిట్టనీ. టెక్కు చేస్తోందని తిట్టనీ. నాకేం పోయింది!"

లేదమ్మకు కత్తెరలవాళ్ళు గుర్తొచ్చారు. ఇలాంటి మనిషి కింద పని చేస్తే ఎంత బాగుండు అనిపించింది. అదే ఊపులో, "అయితే నాకు పని ఇవ్వండి. నాకు స్ప్రింగులు అమర్చడం వచ్చు. నన్ను ఒక్కదాన్ని తీసుకోండి," అంది.

"లేదు," అంది పెద్దక్క. "ఇప్పుడున్నవాళ్ళకు ఎప్పటికీ సరిపడా పనుంది. అంతకు మించి ఒక్కళ్ళని తీసుకున్నా అది సీజను మనిషే. అది నేను చెయ్యను."

లేదు. ఆ మాటను ఎంతమంది మొహాన ఎన్నిసార్లు కొట్టిందో ఆమెకే లెక్క లేదు. తిరిగి తన మొహాన పడేసరికి ఎప్పుడూ తెరిచుండే నోరు, సరిగ్గా అవసరమైనప్పుడే మూతపడింది. తల ఊపి వచ్చేసింది.

జవాబు బస్సులో దొరికింది, సగం దూరం వచ్చాక. ఎప్పుడూ ఇంతే, దిక్కుమాలిన బుర్ర! 'ఏ ముఖం పెట్టుకుని పొమ్మనను' అంది కదా ఆవిడ? పొమ్మనే బాధ పడలేక అసలు రమ్మననే రమ్మనదట. బాగుంది! ఆవిడ ముఖం ఆవిడ దాచుకోవడానికి నేను జన్మంతా సోఫా వెనక పడుకోవాలా? ఈ మాట పైకే అనేసింది. పక్క సీట్లో ఆవిడ సంచి సర్దుకుని వేరే సీటుకు వెళ్ళిపోయింది.

మర్నాడు అన్నమాట ప్రకారం కొట్టుకు సరుకు వచ్చింది. వచ్చింది, పోయింది. కళ్ళద్దాలాయన పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఖాళీ అట్టపెట్టె మిగిలింది. పాపం ఆయన ఈసారి వేళాకోళం ఆడలేదు, కౌంటరు మీద చేతులు పెట్టి నిలబడిపోయాడు. మంచాన పడి లేచిన మనవరాలి కోసమని అప్పుడు చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆ ముక్క చెప్పనే లేదు.

"బోర్డు తగిలించమ్మా," అన్నాడు బావ.

లేదమ్మ బోర్డు చేతిలోకి తీసుకుని మేకు వంక చూసింది. బోర్డు కింద పెట్టింది. సొరుగులోంచి పట్టుకారు తీసి మేకును అటూ ఇటూ ఆడించి, గోడలోంచి పీకేసింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు బావ.

"మేకు తీసుకుంటున్నాను."

"మరి బోర్డు ఎక్కడ పెట్టాలి?"

"నీ మెళ్ళో వేసుకో బావా. అప్పుడైనా జనం చదువుతారు."

ఆ మాటకు కళ్ళద్దాలాయన కూడా నవ్వాడు. బావ మాత్రం నవ్వలేదు. మరదలి మొహం చూసి, బోర్డు తీసి గోడకు ఆనించాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె వంటింట్లో తన కప్పు కడుగుతోంది. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన నీలం కప్పు. ఒకప్పుడు తను అద్దెకున్న గదిలోంచి తెచ్చుకున్న వస్తువుల్లో అదొక్కటే పగలకుండా మిగిలింది.

"కప్పెందుకే?" అంది అక్క.

"టీ తాగడానికి."

"ఇంట్లో తాగకూడదా?"

"పని చేసే చోట తాగుతాను."

అక్క చేతిలో పని ఆపింది. "తీసుకుంటామన్నారా?"

"అనలేదు."

అక్క ఏమైనా అంటుందేమోనని లేదమ్మ ఎదురుచూసింది. ఆపినా ఆగేది కాదులెండి. అక్క దగ్గరికొచ్చి, చెల్లెలి జుట్టు విప్పి, చిన్నప్పటిలా గట్టిగా బిగించి కట్టింది. "ఇప్పుడు పో. తల రేగిపోయి ఉంటే ఎవరూ లోపలికి రానివ్వరు," అంది.

గేటు బాబాయ్ దూరం నుంచే రెండు చేతులూ ఎత్తేశాడు. "మళ్ళీ ఏం చెప్పడానికి వచ్చావు తల్లీ?"

"చెప్పడానికి కాదు బాబాయ్, కొట్టడానికి."

"ఎవర్ని?"

"మేకుని. సుత్తి ఉందా?"

ముసలాయన ఆమె చేతిలో మేకును చూశాడు, కప్పును చూశాడు. వెనక్కి తిరిగి ఫ్యాక్టరీ వైపు చూశాడు. చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "నేనివ్వలేదు. ఆ కిటికీలో ఉంటే నువ్వే తీసుకున్నావు. నిన్ను లోపలికి వదల్లేదు కూడా. నేను అటు తిరిగి ఉన్నాను," అని నిజంగానే అటు తిరిగాడు.

క్యాంటీనులో టీ వేళ. బల్లల దగ్గర జనం కబుర్లలో ఉన్నారు. కొన్ని కప్పులు గోడ మీద, కొన్ని చేతుల్లో. లేదమ్మ ఎవరినీ పలకరించలేదు. చివరి వరస చివర్న, ఖాళీ గోడ మొదలయ్యే చోట మేకు ఆనించి ఒక్క దెబ్బ వేసింది. సున్నం రాలింది. రెండో దెబ్బకు కబుర్లు ఆగిపోయాయి. మేకు కాస్త వంగినా దిగింది. కొంగుతో కప్పు తుడిచి తగిలించింది. వెనక్కి తిరిగేసరికి పెద్దక్క గుమ్మంలో ఉంది.

"ఎవరు కొట్టమన్నారు?"

"ఎవరూ అనలేదండీ."

"పీకెయ్."

"పీకను."

క్యాంటీనులో ఎవరో కుర్చీ జరిపారు, ఆ చప్పుడు కూడా పెద్దగా వినిపించింది.

"మొన్న అంత చెప్పాను. అర్థం కాలేదా?"

"అర్థమైందండీ. బస్సులో ఇంకా బాగా అర్థమైంది. మీరు మంచివాళ్ళు, కాదనను. ఎవరి కప్పూ దింపలేదు. దింపాల్సొస్తుందని అసలు తగిలించనే లేదు. దాంతో మీకు హాయిగా నిద్ర పడుతోంది. నాకు పట్టట్లేదు."

"నీ మంచికే చెబుతున్నా..."

"నా మంచి నాకొదిలెయ్యండి!" లేదమ్మ గొంతు లేచింది. "నా మంచేంటో నన్నడిగారా? సీజను వరకే పని, ఆ తర్వాత లేదు అని ముందే చెప్పండి. రావాలో వద్దో నేను చెబుతాను. బయటున్న ప్రతి ఒక్కళ్ళూ వాళ్ళకు వాళ్ళే చెబుతారు. ఇక్కడ బల్లలున్నాయి, భాగాలున్నాయి. అక్కడ కొనేవాళ్ళు కొట్టు ముందు పడిగాపులు పడుతున్నారు. మధ్యలో మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా, మా అందరి బదులూ వద్దని చెప్పేసింది మీరు!"

"ఏయ్, పెద్దక్కని అంతేసి మాటలంటావా?" అని ఎవరో లేవబోయారు. పెద్దక్క చెయ్యెత్తి ఆపింది.

"మోజు తీరాక ఏడుస్తావు," అంది. ఆ గొంతులో కోపం లేదు.

"ఏడుస్తాను. ఆ రోజొస్తే ఆ రోజు ఏడుస్తాను. దానికి ఇప్పట్నుంచే చేతులు కట్టుకుని కూర్చోమంటారా?" లేదమ్మ ఊపిరి తీసుకుంది. ఇక చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది, అదే కష్టమైనది. "నేనడిగేది ఒకటే. ఆ రోజు మీరు రావాలి. ఎవరి చేతికో కత్తెరిచ్చి పంపకూడదు. మీరే వచ్చి, నా ఎదురుగా నిలబడి, నా మొహం చూసి, పని అయిపోయింది వెళ్ళమని చెప్పాలి. కప్పు నేనే దించుకుంటాను. మేకు కూడా నేనే పీక్కుంటాను, అది నాదే, ఇంటి నుంచి తెచ్చుకున్నాను. మీరు చెయ్యాల్సిందల్లా నిలబడి చూడటం. అది మీవల్ల కాదు. నాకు తెలుసు. అది తప్పించుకోడానికే అక్కడ అన్ని బల్లల మీదా గుడ్డలు కప్పి పెట్టారు."

అనేసింది. చూపు దించలేదు.

పెద్దక్క గోడ దగ్గరికి వచ్చింది. చేత్తో మేకును తడిమింది. నీలం కప్పును మేకు మీంచి తీసేసింది.

పెద్దక్క ఆ కప్పును తిప్పి చూసింది. పెచ్చు ఊడిన చోట బొటనవేలితో రాసింది. "వంకరగా కొట్టావు. జారి పడి పగుల్తుంది. సుత్తి ఇటివ్వు," అంది.

లేదమ్మ ఇచ్చింది. పెద్దక్క మేకు తలను పక్క నుంచి కొట్టి నిటారుగా చేసింది, ఇంకో దెబ్బతో లోపలికి దింపింది. కొట్టేటప్పుడు ఆమె పెదవులు బిగుసుకున్నాయి. అందరూ చూస్తున్నారని తెలిసినా కళ్ళు తుడుచుకోలేదు.

"ఆ రోజొస్తే నేనే వస్తాను," అంది లేదమ్మతో. "నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తాను. అది నువ్వు చూడాల్సి వస్తుంది."

"చూస్తానండీ."

పెద్దక్క కప్పును టీ పోసే అతని చేతికిచ్చి పొయ్యమంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"తాగాక ఆ హాల్లో గుడ్డలు తియ్యడం మొదలుపెట్టు. నీలాంటివాళ్ళు వీధివీధికీ ఉన్నారన్నావుగా ఆ వీడియోలో, సీజను వరకే అని చెప్పి మరీ పిలువు. ఆ సుత్తి గేటు బాబాయికి ఇచ్చెయ్యకు. ఇక్కడే ఉండనీ."

లేదమ్మ కప్పు అందుకుంది. టీలో పంచదార దారుణంగా ఎక్కువైంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. టీతోపాటు దాన్ని కూడా మింగేసి, ఖాళీ కప్పు కడిగి, తన మేకుకు తగిలించి హాలు వైపు నడిచింది.